పనిచెయ్యని సర్క్యూట్: తప్పు పట్టుకునే దారులు

సొంతంగా కట్టిన సర్క్యూట్ పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలి? విడిభాగాల దుకాణం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి దీనికి జవాబు మారుతుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి దగ్గర్లో ఉండేవాళ్లు అనుమానం వచ్చిన ఐసీని పీకేసి, కొత్తది పెట్టి చూస్తారు. నంగునూరులో ఉండేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సిద్దిపేట సుమారు 20 కిలోమీటర్లు, అక్కణ్నుంచి హైదరాబాద్ ఇంకో 100. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రోజుల తరబడి ఆగాలి. తీరా అది వచ్చాక, ఖరాబైంది ఆ ఐసీ కాదని తేలితే పని మళ్లీ మొదటికొస్తుంది. ఊళ్లో కూర్చుని పనిచేసేవాళ్ల వైపు నుంచి తప్పు వెతికే పద్ధతులన్నిటినీ ఒకసారి తూచి చూడాలని ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెబుతాను: దుకాణం దూరమైన చోట మార్చి చూడటం కన్నా కొలిచి చూడటం మేలు. ఆ అలవాటు మన బడుల్లో తక్కువ గానీ, మోటర్లు బాగుచేసేవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది.

నంగునూరు, పాలమాకుల, నర్మెట, రాజగోపాల్‌పేట లాంటి ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ మీద చెయ్యి చేసుకునేవాళ్లు మూడు రకాలుగా కనిపిస్తారు. సైన్స్ ఫెయిర్ కోసం ప్రాజెక్టు కట్టే హైస్కూలు పిల్లలు ఒకరు. మైక్ సెట్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు బాగుచేసేవాళ్లు ఇంకొకరు. మూడోవాళ్లు పొలంలో మోటరును ఇంటి నుంచే ఆన్, ఆఫ్ చేసుకోవాలనుకునే కుర్రవాళ్లు. ఈ మూడో రకం వెనక పెద్ద కథే ఉంది. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. రాగానే మోటరు దానంతటదే నడవడానికి రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రోజంతా ఉండటం మొదలయ్యాక ఆటో స్టార్టర్ ఉంటే మోటరు ఆగకుండా నడిచి బోరు ఎండిపోతుంది కాబట్టి, వాటిని తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను కోరింది. స్టార్టర్ దాకా నడిచి వెళ్లే శ్రమ మాత్రం అలాగే మిగిలింది. ఫోన్ చేస్తే మోటరు నడిచే బోర్డు కట్టాలన్న కోరిక అక్కణ్నుంచే పుట్టింది.

ఈ మూడు రకాల వాళ్ల బోర్డుల్లోనూ తప్పులు ఎక్కువగా ఉండే చోటు ఒక్కటే: సప్లై. ప్రోగ్రాం తప్పేమోనని రాత్రంతా కోడ్ తిరగరాసేవాళ్లు, ఐసీ పోయిందేమోనని కొత్తదానికి ఆర్డరు పెట్టేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆ ఐసీ కాళ్ల మీద ఎన్ని వోల్టులు ఉన్నాయన్నదే. అడాప్టర్ మీద రాసి ఉన్నది చూస్తే చాలదు. అడాప్టర్ కొసన కొలిచినా చాలదు. ఐసీ కాళ్ల మీదే, అది పనిచేస్తున్న సమయంలోనే కొలవాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఫోన్‌తో మోటరు వేసే బోర్డుల్లో చాలామంది వాడేది సిమ్800ఎల్ అనే చిన్న మాడ్యూల్. సిమ్ కార్డు పెడితే నెట్‌వర్క్ పట్టుకుంటుంది, కాల్ వస్తే ప్రోగ్రాం నడిచే ఆర్డుయినో బోర్డుకు చెబుతుంది. దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సప్లై కావాలి. ఆర్డుయినో బోర్డు మీద ఉండేవి 5 వోల్టులు, 3.3 వోల్టులు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. అందుకని 5 వోల్టుల దారిలో ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టి సుమారు 0.7 వోల్టులు దింపుతారు. మీటరు పెడితే 4.3 చూపిస్తుంది. లెక్క సరిపోయింది. అయినా మాడ్యూల్ నెట్‌వర్క్ వెతకడం మొదలుపెట్టగానే ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి లేస్తుంది.

కారణం మీటరుకు కనిపించదు. టవర్‌తో మాట్లాడే క్షణంలో ఈ మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు, 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ కాసేపట్లో డయోడ్ మీద పడే వోల్టేజీ 0.7 నుంచి 1 దాకా పెరుగుతుంది. సన్నటి జంపర్ వైర్లు, వాటి కొసల పిన్నులు ఇంకో అర వోల్టు దాకా తింటాయి. ఒక ఆంపియర్ అడాప్టర్ తనవంతుగా కుంగుతుంది. మాడ్యూల్ కాళ్ల దగ్గర వోల్టేజీ 3.4 కిందికి జారిపోతుంది. మామూలు డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడుసార్లు కొలిచి సగటు చూపిస్తుంది కాబట్టి అందులో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క చూపులో తేలిపోయే విషయమే, కానీ అది ఊళ్లో ఎవరి దగ్గరుంటుంది? పాత ఫోన్ బ్యాటరీ మాత్రం ప్రతి ఇంట్లో ఉంటుంది. ఉబ్బని, ఛార్జి నిలుపుకునే లిథియం బ్యాటరీ ఒకటి తీసుకుని, పొట్టి లావు వైర్లతో నేరుగా మాడ్యూల్‌కు కలపాలి. దాని వోల్టేజీ 3.7 నుంచి 4.2 మధ్య, అంటే సరిగ్గా కావలసినంత. నెగెటివ్‌ను ఆర్డుయినో గ్రౌండుతో కలపడం మరవకూడదు. ఇప్పుడు మాడ్యూల్ నిలబడితే తప్పు సప్లైదేనని రుజువైనట్టు. 2 ఆంపియర్లు ఇవ్వగల సప్లై, పొట్టి వైర్లు, మాడ్యూల్ కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే సమస్య తీరుతుంది.

బ్యాటరీతో కూడా నెట్‌వర్క్ రాకపోతే? మాడ్యూల్ మీది చిన్న లైటు చూడాలి. దాదాపు సెకనుకోసారి మినుకుతుంటే ఇంకా వెతుకుతోందని, మూడు సెకన్లకోసారి మినుకుతుంటే నెట్‌వర్క్ దొరికిందని అర్థం. ఎంతసేపటికీ సెకనుకోసారే మినుకుతుంటే సిమ్ ఏ కంపెనీదో చూడండి. సిమ్800ఎల్ పనిచేసేది 2జీ మీద మాత్రమే. జియోకు 2జీ లేదు. ఇక్కడ సర్క్యూట్‌లో తప్పేమీ లేదు, ఎంత కొలిచినా దొరకదు. భాగాల గురించి చదివి తెలుసుకోవడం కొలతకు ముందు జరగాల్సిన పని అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

సప్లై తర్వాతి అనుమానం అతుకుల మీద. బ్రెడ్‌బోర్డు మీద పక్కనుండే ఎర్ర గీత, నీలి గీత చాలా పొడుగు బోర్డుల్లో మధ్యలో తెగి ఉంటాయి. గీత ఎక్కడ ఆగిందో కిందున్న లోహపు పట్టీ కూడా అక్కడే ఆగుతుంది. సగం సర్క్యూట్‌కు కరెంటు అందకపోవడానికి ఇదొక్కటే కారణమైన సందర్భాలు ఎన్నో. సోల్డరింగ్‌లో అయితే డ్రై సోల్డర్. లెడ్ కరిగి గుండ్రంగా, మసకగా నిలబడింది గానీ కాలికి అంటుకోలేదు. చూపుకు అతికినట్టే ఉంటుంది, వేలితో కదిపితే పనిచేస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. కాలినీ బోర్డు మీది రాగినీ రెండింటినీ వేడిచేసి, ఆ వేడికి లెడ్ కరిగేలా చూడాలి. ఐరన్ మొనకు లెడ్ అంటించి తెచ్చి కాలికి పూస్తే అది అతుకు కాదు. ట్రాన్సిస్టర్ కాళ్ల క్రమం ఇంకో ఉచ్చు. చదును వైపు మనకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉంటే బీసీ547లో ఎడమ కాలు కలెక్టర్, 2ఎన్3904లో ఎడమ కాలు ఎమిటర్. రెండూ చూడ్డానికి కవలలే. దుకాణంలో ఒకటి లేదని రెండోది ఇస్తే, పాత బొమ్మ చూసి పెట్టినవాళ్ల సర్క్యూట్ మొరాయిస్తుంది.

ఇక పద్ధతుల సంగతి. అందరికీ ముందు తోచేది భాగాలు మార్చి చూడటం. దాన్ని తీసిపారెయ్యలేం. అచ్చం అలాంటిదే పనిచేస్తున్న బోర్డు పక్కన ఉంటే, ఒక్కో భాగాన్ని దాంట్లోకి మార్చి చూడటం కన్నా వేగమైన దారి లేదు. అయితే దీనికో ప్రమాదం ఉంది. అసలు తప్పు షార్ట్ అయితే కొత్త భాగం కూడా కాలిపోతుంది. రెండోది కూడా పోయాకగానీ చాలామంది మీటరు తియ్యరు.

షార్ట్‌ను భాగం కాలకుండా పట్టుకునే ఉపాయం మన రిపేరు షాపుల్లోనే ఉంది: సిరీస్ బల్బు. బాగుచేసే వస్తువుకు వెళ్లే ఫేజు దారిలో 60 లేదా 100 వాట్ల పాత పిలమెంటు బల్బు ఒకటి వరసలో పెడతారు. వస్తువులో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి కరెంటును తనే అదుపులో ఉంచుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పిలమెంటు రెసిస్టెన్స్ వేడెక్కినప్పటి కన్నా దాదాపు పదింతలు తక్కువ కావడంవల్ల ఇలా జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని కాదు. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైనప్పటి నుంచి పిలమెంటు బల్బులు ఇళ్లలోంచి మాయమవుతూ వచ్చాయి. రిపేరు చేసేవాళ్లు మిగిలిన ఒకటి రెండు జాగ్రత్తగా దాచుకోవడం మంచిది. స్కూలు ప్రాజెక్టుల్లాంటి చిన్న వోల్టేజీ బోర్డులకు ఇదే సూత్రం బ్యాటరీ దారిలో పెట్టిన చిన్న రెసిస్టర్‌తోనో, 12 వోల్టుల బండి బల్బుతోనో పనిచేస్తుంది.

సగానికి కోసి చూడటం ఇంకో పద్ధతి. వరసగా ఎనిమిది దశలున్న సర్క్యూట్‌లో మొదటి దశ నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఏడెనిమిది పరీక్షలు. నాలుగో దశ తర్వాత సిగ్నల్ ఉందో లేదో చూస్తే సగం భాగం ఒక్క దెబ్బకు తేలిపోతుంది. మిగతా సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే మూడు పరీక్షల్లో తప్పున్న దశ దొరుకుతుంది. అమెరికా నౌకాదళం తన ఎలక్ట్రానిక్స్ సిబ్బందికి నేర్పిన ఆరు మెట్ల విధానంలో మొదటి రెండు మెట్లూ మీటరు ముట్టుకోకముందే జరిగేవి: లక్షణాన్ని గుర్తించడం, దాన్ని ఇంకా వివరంగా చూడటం. ఏ మీట నొక్కితే ఏం జరుగుతోంది, ఏది జరగడం లేదు అన్నది కాగితం మీద పెట్టాకే పెట్టె మూత తియ్యాలి. ఇక్కడ మైక్ సెట్ వాళ్ల పని చూడండి. ఆంప్లిఫయర్ పలకకపోతే వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలి మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, ఆ లోహం మీద వేలు పెడతారు. స్పీకర్‌లో గుర్రుమని వస్తే అక్కణ్నుంచి స్పీకర్ దాకా అంతా బాగుందని, తప్పు మైకు వైపే ఉందని తేల్చుకుంటారు. మన ఒంటి మీద చేరే 50 హెర్ట్జ్ కరెంటు గుర్రే వాళ్లకు సిగ్నల్. సగానికి కోసే పద్ధతి పేరు వాళ్లకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మెయిన్స్ మీద నడిచే వస్తువుల్లో మాత్రం ఇలా వేలు పెట్టకూడదు, ప్రాణం పోతుంది.

దీనికి బాగా చదువుకున్న రూపం హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి అష్హర్ ఫర్హాన్ (హామ్ రేడియో కాల్ సైన్ వీయూ2ఈఎస్‌ఈ) రూపొందించిన బిట్‌ఎక్స్ అనే రేడియోను ప్రపంచమంతటా హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియో వాళ్లు, సొంతంగా కట్టుకున్నారు. మామూలుగా దొరికే ట్రాన్సిస్టర్లతో కట్టడానికి వీలుగా చేసిన డిజైన్ అది. నాకు ముఖ్యమనిపించేది దాని నిర్మాణం. వినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ సిగ్నల్ అవే మిక్సర్ల గుండా, అదే క్రిస్టల్ ఫిల్టర్ గుండా ఎదురు దిశల్లో ప్రయాణిస్తుంది. ఒక్కో దిశకు విడిగా ఉండేవి ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లు. కాబట్టి మాటలు వినిపిస్తూ, మనం మాట్లాడింది మాత్రం బయటికి వెళ్లడం లేదంటే ఫిల్టర్, మిక్సర్లు, ఆసిలేటర్లు అన్నీ బాగున్నాయని మీటరు తియ్యకుండానే తెలిసిపోతుంది. వెతకాల్సిన చోటు అప్పుడే సగానికి తగ్గింది. తప్పు వెతకడానికి వీలుగా ఉండటం డిజైన్‌లోనే రావచ్చని బిట్‌ఎక్స్ చూపిస్తుంది. స్కూలు ప్రాజెక్టు కట్టే పిల్లలు కూడా ఒక్కో దశ చివర ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టుకుంటే ఇదే లాభం.

ప్రోగ్రాం ఉన్న బోర్డుల్లో ఇప్పుడు ఎక్కువమంది నమ్ముకునేది సీరియల్ మానిటర్ మీద అచ్చు వేయించి చూసుకోవడం. ప్రోగ్రాం ఎక్కడిదాకా వచ్చిందో, సెన్సర్ ఏ అంకె ఇస్తోందో కళ్ల ముందు కనిపిస్తుంది. మంచిదే. అయితే 9600 వేగంలో ఒక్కో అక్షరం వెళ్లడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. అరవై అక్షరాల వాక్యాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేయిస్తే బోర్డు మీద పని ఆ మేరకు నెమ్మదిస్తుంది, వేగంగా జరగాల్సిన పనిలో కొత్త తప్పు పుడుతుంది. పైగా, ఎక్కడా కలపని అనలాగ్ పిన్ను కూడా ఏదో ఒక అంకె చెబుతూనే ఉంటుంది. సెన్సర్ వైరు ఊడిపోయినా మానిటర్ మీద అంకెలు మారుతూ కనిపిస్తే, సెన్సర్ పనిచేస్తోందని మురిసిపోతాం. వైరు పీకి చూసి, అంకె ఎలా మారుతుందో ముందే తెలుసుకోవాలి.

మీటరు కూడా మోసం చేస్తుంది. డిజిటల్ మీటరు రెసిస్టెన్స్ చాలా ఎక్కువ కావడంవల్ల, ఎక్కడా కలపని వైరు పక్క వైరు ప్రభావంతో పదుల వోల్టులు చూపించవచ్చు. అదే చోట పాత టెస్ట్ బల్బు పెడితే వెలగదు. కరెంటు నిజంగా ఉందా, లేక మీటరు కల్పనా అన్నది తేల్చడానికి బల్బే నమ్మదగ్గ సాక్షి. కంటిన్యుటీ బీప్ విషయంలోనూ అంతే. వంద పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, లోడ్ ఎక్కగానే అది చేతులెత్తేస్తుంది. లోడ్ మీద, ఆ వైరు రెండు కొసల మధ్య వోల్టేజీ కొలిస్తే నిజం బయటపడుతుంది. ఆంపియర్లు కొలిచాక ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి వోల్టులు కొలవబోవడం అన్నిటికన్నా ప్రమాదం. అప్పుడు మీటరే షార్ట్.

మోటరు స్టార్టర్ జోలికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. రిలే ఎక్కినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోందంటే, ముందు రిలే నుంచి స్టార్టర్‌కు వెళ్లే వైర్లు విప్పి రిలేను ఒక్కదాన్నే ఆడించి చూడండి. అప్పుడు బోర్డు నిలకడగా ఉంటే తప్పు స్టార్టర్ కాయిల్ నుంచి వచ్చే కుదుపుది. కాయిల్ మీద దాని వోల్టేజీకి తగిన, కుదుపును మింగే స్నబ్బర్ పెట్టాలి, బోర్డు వైర్లను దూరం జరపాలి. రెండోది ప్రాణానికి సంబంధించింది. ప్రాజెక్టుల్లో వాడే నీలిరంగు రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులని రాసి ఉంటుంది. స్టార్టర్ కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది. ఆ రిలే ఆ పనికి చేసింది కాదు. మధ్యలో సరైన కాంటాక్టర్ పెట్టాలి, ఆ వైరింగు కరెంటు పని తెలిసినవాళ్లతోనే చేయించాలి, డబ్బాను ఎర్త్ చెయ్యాలి. ఇంకొకటి: బోర్డు అంతా బాగున్నా స్టార్టర్ ఎక్కడం లేదంటే డబ్బా తెరిచి కాంటాక్టుల మధ్య చూడాలి. చీమలు, బల్లులు అక్కడ చేరడం పొలాల్లో మామూలే. అయితే మెయిన్ దించాకే తెరవాలి.

వస్తూ పోతూ ఉండే తప్పుకు మాత్రం ఏ పద్ధతీ పూర్తిగా లొంగదు. మధ్యాహ్నం ఎండకు ఆగి, సాయంత్రం పనిచేసే బోర్డులో 7805 రెగ్యులేటర్ ఉంటే దాన్నే ముందు అనుమానించాలి. 12 వోల్టులు తీసుకుని 5 ఇస్తూ అర ఆంపియర్ మోస్తే అది 3.5 వాట్ల వేడి పుట్టిస్తుంది. హీట్ సింక్ లేకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నేల తేమ కొలిచే రెండు పళ్ల సెన్సర్ కొన్ని వారాలకే అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. తడి మట్టిలో కరెంటు పారడంవల్ల దాని పళ్లు తినుకుపోతాయి. కెపాసిటివ్ సెన్సర్‌కు ఆ బాధ లేదు.

ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సెట్లు తయారుచేసింది 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్. దుకాణం లేని ఊళ్లో ఎలక్ట్రానిక్ వస్తువును నడుస్తూ ఉంచడమెలా అన్న ప్రశ్న మన నేల మీద యాభై ఏళ్ల కిందే వచ్చింది. ఆ ప్రశ్న ఇవాళ బడి పిల్లల చేతికి వచ్చింది గానీ, జవాబు వెతకడానికి కావలసినవి వాళ్లకు అందడం లేదు.

ఇన్‌స్పైర్ మనక్ పథకంలో ఎంపికైన విద్యార్థికి ప్రాజెక్టు కోసం 10,000 రూపాయలు వస్తాయి. అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చిన బడికి 20 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్‌లో పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. వీటన్నిటిలోనూ సర్క్యూట్ కట్టడానికి డబ్బు ఉంది. తప్పు వెతకడానికి విడిగా లేదు. మోడల్ ప్రదర్శన రోజు పనిచేసిందా లేదా అన్నదే చివరికి మిగులుతుంది. పనిచెయ్యని మోడల్ తెచ్చి, తప్పు ఎక్కడుందో మూడు కొలతల్లో చూపించగల విద్యార్థికి మార్కులు వెయ్యగల జడ్జీలు కావాలి. అచ్చంగా పనిచేసే కిట్ తెచ్చి కలిపిన విద్యార్థి కన్నా అలా తప్పు చూపించగలిగిన విద్యార్థికే ఎలక్ట్రానిక్స్ ఎక్కువ వచ్చినట్టు.

అమెరికా ఇంజనీరు బాబ్ పీస్ 1991లో అనలాగ్ సర్క్యూట్లలో తప్పులు వెతకడం మీదే ఒక పుస్తకం రాశాడు. రెసిస్టర్, కెపాసిటర్, డయోడ్, ట్రాన్సిస్టర్ ఒక్కొక్కటీ ఎలా చెడిపోతుందో విడివిడి అధ్యాయాల్లో చెప్పాడు. అలాంటిది తెలుగులో, మన వస్తువులతో రావాలి: సిరీస్ బల్బు, స్టార్టర్ డబ్బా, ఎల్‌ఈడీ బల్బులో నల్ల చుక్క పడ్డ చిప్, పండగ రోజు ఆగిపోయే మైక్ సెట్. రాయడానికి కావలసిన తెలివి సిద్దిపేట రిపేరు షాపుల్లో, నంగునూరు మోటరు మెకానిక్‌ల దగ్గర ఉంది. హైస్కూలు సైన్సు టీచరు నెలకోసారి వాళ్లలో ఒకరిని బడికి పిలిచి, చెడిపోయిన బోర్డు ఒకటి బల్ల మీద పెట్టి, పిల్లల ముందు వెతికించవచ్చు. ఆ 10,000లో నాలుగైదు వందలు పెట్టి ఒక మీటరు, ఇంకొన్ని వందలతో రెండో సెన్సర్, రెండో రిలే, పది ట్రాన్సిస్టర్లు కొనిపించవచ్చు. బోర్డు బాగా పనిచేస్తున్న రోజునే ప్రతి ఐసీ కాలి మీద ఎన్ని వోల్టులున్నాయో కొలిచి, ఒక కాగితం మీద రాసి, డబ్బా మూత లోపలి వైపు అతికించమనండి. ఆరు నెలల తర్వాత అది ఆగిపోయినప్పుడు పక్క ఊరి మెకానిక్ అయినా ఆ కాగితం చూసి పని మొదలుపెట్టగలడు.